మేత మానిన తాబేలు



గేదె నెమరు వేయడం మానితే ఏం చెయ్యాలో, మందలో ఒక గొర్రె వెనకబడితే ఏం చూడాలో రేడియోలో మీరు ఎన్నోసార్లు విని ఉంటారు. ఈ పూట తాబేలును గురించి మాట్లాడతానంటే కొందరికి నవ్వు రావచ్చు. అది పాలిచ్చేది కాదు, దుక్కి దున్నేది కాదు, దాని పెంట ఒక వంగ మొక్క పాదుకైనా చాలదు. అయినా రాయలసీమ మెట్ట పొలాల్లో, ముఖ్యంగా మదనపల్లె చుట్టుపట్ల, హార్సిలీ కొండల దిగువన సేద్యం చేసుకునే వారికి ఇది ఎరుగని జంతువేమీ కాదు. తొలకరి పడి వేరుశనగ చేలో కలుపు తీసేటప్పుడు గట్టు ప్రక్కన కనబడుతుంది. నల్లని డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా ఉంటాయి గనుక దీనిని నక్షత్ర తాబేలు అంటారు. పిల్లలు ముచ్చటపడతారనో, ఇంటికి కలిసివస్తుందనో ఎవరో ఒకరు దానిని బుట్టలో వేసుకుని ఇంటికి తెస్తారు. ఓ నెల బాగానే ఉంటుంది. తరువాత తినదు, కదలదు, తల లోపలికి ముడుచుకుని మూలన కూర్చుంటుంది. అప్పుడు పశువుల ఆసుపత్రికి తెస్తారు, లేదా మందుల దుకాణంలో అడిగి ఏదో ఒకటి పొడిపిస్తారు. చాలా తాబేళ్లు జబ్బుతో కంటె ఆ వైద్యంతోనే పోతున్నాయి. అందుకే ఈ నాలుగు మాటలు.

చట్టం మాట ముందే చెప్పెయ్యాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నక్షత్ర తాబేలును పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. 2022లో చేసిన సవరణతో దీనిని పులి, ఏనుగులు ఉన్న మొదటి షెడ్యూలులో చేర్చారు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నది. శిక్ష మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. ఇంత కఠినం ఎందుకంటారా? 2015లో అచ్చయిన ఒక పరిశోధన లెక్క ప్రకారం, మన దేశంలో ఒక్క వ్యాపార కేంద్రం చుట్టుప్రక్కల నుండే ఏటా కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లను పట్టుకుపోతున్నారు. పల్లెలో చిల్లర డబ్బులకు కొన్న తాబేలు గోనెల్లో, పెట్టెల్లో విదేశాలకు పోతుంది. కనుక చేలో తాబేలు కనబడితే దాని దారిన దానిని పోనివ్వండి. ట్రాక్టరు దారిలో ఉంటే ఎత్తి, అది పోతున్న వైపునే గట్టు దాటించండి, చాలు.

మరి ఇప్పటికే ఇంట్లో ఉన్నదాని సంగతేమిటి? అటవీ శాఖ వారికి అప్పగించడమే దారి. అయితే అప్పగించేదాకా అది బ్రతికి ఉండాలి గదా. చట్టం మాట విని భయపడి, రాత్రికి రాత్రి దానిని చెరువులోనో, బావిలోనో, గుడి కోనేటిలోనో వదిలేసేవారున్నారు. పుణ్యమనుకుని చేసేవారు కూడా ఉన్నారు. అది పుణ్యం కాదండీ, ముంచి చంపడమే. నక్షత్ర తాబేలు మెట్ట జంతువు, దానికి ఈత రాదు. పాతకాలం నుంచి నీళ్లు శుభ్రంగా ఉంటాయని మనవాళ్లు బావుల్లో వేసే తాబేలు వేరు. దాని డిప్ప పలచగా, చదునుగా ఉంటుంది, వేళ్ల నడుమ బాతు కాలికున్నట్లు పొర ఉంటుంది. మెట్ట తాబేలు డిప్ప బోర్లించిన మూకుడులాగా ఎత్తుగా ఉంటుంది, కాళ్లు చిన్న ఏనుగు కాళ్లలాగా స్తంభాలై ఉంటాయి. పాదం చూస్తే చాలు, ఏది ఏదో చెప్పవచ్చు. ఆ నీటి తాబేలు కూడా చట్టం రక్షణలో ఉన్నదే సుమా.

ఇక అసలు విషయానికి వస్తాను. గేదె మేత మానిందంటే మనం ముందు కడుపు చూస్తాము. తాబేలు మేత మానిందంటే ముందు చూడవలసింది దాని కడుపు కాదు, ఎండ. గేదె, గొర్రె, కోడి తమ ఒంటి వేడిని తామే పుట్టించుకుంటాయి. తాబేలుకు ఆ శక్తి లేదు. బయట ఎంత వేడి ఉంటే దాని ఒంట్లోనూ దాదాపు అంతే. సుమారు 28 నుంచి 32 డిగ్రీల వెచ్చదనంలో అది చక్కగా తిరుగుతుంది, తింటుంది, తిన్నది అరిగించుకుంటుంది. 20 డిగ్రీలకు దిగువైతే కాళ్లు కదలవు, ఆకలి చచ్చిపోతుంది, కడుపులో ఉన్న మేత అరగక పులిసిపోతుంది. ఇప్పుడు మన ఇళ్లు ఆలోచించండి. సిమెంటు గచ్చు, మంచం క్రింద నీడ, పైన ఫ్యాను. పుష్యమాసంలో మదనపల్లె వైపు రాత్రి చలి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ గచ్చు మీద తాబేలు నెల రోజులు పడి ఉంటే తినకపోవడం జబ్బు కాదు, దాని పొయ్యి ఆరిపోయింది, అంతే. ఆరిన పొయ్యి మీద ఎసరు పెట్టి ఏం లాభం?

మరొక సంగతి, కాలం. అడవిలో ఈ తాబేలు వానాకాలంలో చురుకుగా తిరుగుతుంది, పచ్చిక మేస్తుంది, జతకడుతుంది, గుడ్లు పెడుతుంది. గట్టి చలిలోనూ, నడి వేసవిలోనూ పొదల క్రింద దూరి మందకొడిగా ఉండిపోతుంది. అందుచేత వైశాఖంలో మిట్టమధ్యాహ్నం తాబేలు తినలేదని కంగారుపడనక్కరలేదు. అది కాలధర్మమా, రోగమా అని తెలుసుకోవడానికి త్రాసు ఒక్కటి చాలు. కిరాణా కొట్టు త్రాసులో వారానికొకసారి తూచి, కాగితం మీద తేదీ వేసి వ్రాసుకోండి. బరువు నిలకడగా ఉంటే భయం లేదు. వారం వారం తగ్గుతూ పదోవంతు తగ్గిందంటే రోగమని తెలుసుకోండి. డిప్ప వల్ల తాబేలు చిక్కినట్లు కంటికి కనబడదు. పక్కటెముకలు లెక్కపెట్టి ఎద్దు చిక్కిందని చెప్పగలం గాని, తాబేలు విషయంలో త్రాసే సాక్ష్యం.

ఆడ తాబేలైతే ఇంకొకటి చూడాలి. తినడం మాని, గది మూలల్లో వెనక కాళ్లతో గీరుతూ అటూ ఇటూ తిరుగుతూ ఉంటే అది గుడ్లు పెట్టడానికి చోటు వెదుకుతున్నదన్నమాట. గచ్చు మీద ఏం త్రవ్వుతుంది పాపం! జానెడు లోతు వదులు మట్టి పోసి కొంచెం తడిపి అక్కడ వదలండి. పెట్టలేక రోజుల తరబడి ముక్కుతూ ఉంటే ఎక్స్‌రే తీయించాలి. అది ఇంటి వైద్యంతో అయ్యే పని కాదు.

ఇవేవీ కావు, తాబేలు నిజంగానే నీరసించింది. అప్పుడు ఏం చెయ్యాలి? మొదట వెచ్చదనం, తరువాత నీళ్లు, ఆ తరువాతనే మేత. ఈ వరస తప్పరాదు.

వెచ్చదనానికి ఉదయపు ఎండ మేలు. పొద్దెక్కిన తరువాత ఒక గంట, రెండు గంటలు పెరట్లో నేల మీద వదలండి. దగ్గరలో సగం చోట నీడ తప్పక ఉండాలి. ఒళ్లు కాగగానే అదే నీడకు నడిచిపోతుంది. సిమెంటు తొట్టిలోనో, ఇనుప బేసినులోనో వేసి ఎండలో పెట్టి మరిచిపోతే గంట తిరగకుండానే నోట నురుగు కక్కి చచ్చిపోగలదు. ఎండలో మరో గుణం ఉన్నది. డిప్ప ఎముకే గదా. ఆ ఎముకకు సున్నపు సత్తువ పట్టాలంటే ఎండ నేరుగా ఒంటికి తగలాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ వేడినిస్తుంది గాని ఈ పని చెయ్యదు. రాత్రులు చలిగా ఉంటే ఒక కొయ్య పెట్టెలో ఎండుగడ్డి పరచి, ఒక మూలన పాతకాలపు 60 వాట్ల తీగ బల్బు మూర ఎత్తున వేలాడదీయండి. రెండో మూల చల్లగానే ఉండనివ్వండి. ఇప్పుడు ఇళ్లలో ఉన్న ఎల్.ఇ.డి. బల్బులు వెలుతురే గాని వేడి ఇవ్వవు. అది పెట్టి వెచ్చగా ఉందనుకుంటే పొరపాటు.

ఒళ్లు వెచ్చబడ్డాక నీళ్లు. లోతు లేని పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోయండి. తాబేలును అందులో నిలబెడితే నీరు దాని గడ్డం క్రిందికే రావాలి, అంతకు మించరాదు. పావుగంట, ఇరవై నిమిషాలు మీరు దగ్గరే ఉండి చూడండి. కొంతసేపటికి మెడ చాచి, మూతి నీటిలో పెట్టి త్రాగుతుంది. త్రాగుతూనే పెంట వేస్తుంది, దానితో పాటు తడి సున్నంలాంటి తెల్లని పదార్థం పడుతుంది. అది చూసి బెదిరిపోకండి, అది దాని మూత్రంలో భాగమే. మెత్తగా పడితే మంచిదే. ఇసుకలా, గట్టి పలుకుల్లా పడితే చాలాకాలంగా నీళ్లు అందలేదని అర్థం. వారం రోజులు రోజూ ఇలా నానబెట్టి, తుడిచి, వెచ్చగా ఉంచండి. చాలా తాబేళ్లు మందు లేకుండా ఇంతటితోనే తల బయటపెట్టి చూస్తాయి. అయితే పశువుకు పోసినట్లు వెదురు గొట్టంతో గాని, సిరంజితో గాని నోట్లో నీళ్లు, పాలు, గంజి పోయవద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోరు బలవంతంగా తెరిస్తే దవడ దెబ్బతింటుంది.

ఇప్పుడు మేత. ఇళ్లలో దీనికి ఏం పెడుతున్నారని అడిగితే అన్నం, ఇడ్లీ, పాలు, అరటిపండు, టమాటా, నానబెట్టిన పప్పు, కొందరైతే బిస్కత్తులు అంటారు. ప్రేమతోనే పెడతారు, కాదనను. తాబేలు ప్రధానంగా గడ్డి మేసేది. పీచులేని తిండీ, తీపి తిండీ దాని కడుపులో పులిసి ఉబ్బరం తెస్తుంది. పప్పు, మాంసం ఎక్కువైతే మూత్రపిండాలు చెడతాయి. పండు చూపిస్తే ఎగబడి తింటుందంటారు. మన పిల్లవాడికి బెల్లం చూపించినా అంతే గదా! పెట్టవలసింది గరిక. మన పెరట్లోనే ఉన్నది, ఖర్చు లేదు. దానితో పాటు మందార ఆకులు, పువ్వులు, గుమ్మడి, సొర తీగల లేత ఆకులు, అవిసె ఆకు, ముళ్లు కాల్చి తీసేసిన నాగజెముడు మట్ట. పట్టు పురుగులు పెంచేవారికి మల్బరీ ఆకు ఉండనే ఉన్నది. ఏ ఆకైనా పురుగు మందు చల్లనిదై ఉండాలి. పాలకూర, తోటకూర, గోంగూర రోజూ వద్దు. వాటిలోని ఆక్జాలిక్ ఆమ్లం సున్నపు సత్తువను ఒంటికి పట్టనివ్వదు. కోడిగుడ్డు పెంకు ఉడికించి ఎండబెట్టి పొడి చేసి, వారంలో రెండు మూడు మార్లు చిటికెడు మేత మీద చల్లండి.

కోలుకుంటున్న తాబేలుకు ఆకలి రేపడానికి ఒక ఉపాయం ఉన్నది. దానికి రంగులు బాగా తెలుస్తాయి. నానబెట్టి ఎండలో ఉంచిన తరువాత ఎర్రని మందార పువ్వో, పచ్చని గుమ్మడి పువ్వో మూతి ముందు పెట్టి మీరు దూరంగా జరగండి. మనిషి ఎదుట కూర్చుని చూస్తూ ఉంటే అది తినదు. ఒక్క రేక కొరికినా మంచి గుర్తే. మరునాడు ఆ పువ్వును గరికలో కలిపి పెట్టండి.

పది రోజులు ఇలా చేసినా మేత ముట్టకపోతే, లేదా మొదటే కొన్ని గుర్తులు కనబడితే, ఆలస్యం చెయ్యరాదు. ముక్కులోంచి బుడగలు రావడం, నోరు తెరిచి మెడ చాచి ఊపిరి తీయడం ఊపిరితిత్తుల జబ్బు. దీనిని నానబెట్టడం కూడా మానాలి. కళ్లు వాచి మూసుకుపోవడం, ఎదిగిన తాబేలు డిప్ప వేలితో నొక్కితే మెత్తగా ఉండడం, పొట్టవైపు చిప్ప ఎర్రబారడం, వెనక కాళ్లు ఈడ్వడం, ముట్టుకున్నా తల లోపలికి లాక్కోకపోవడం, ఇవి కూడా అటువంటివే. కుక్క కొరికి గాని, చక్రం ఎక్కి గాని డిప్ప పగిలితే ఈగలు వాలి పురుగు పట్టకుండా శుభ్రమైన గుడ్డ కప్పి వెంటనే తీసుకుపోవాలి. గాయంలో కిరోసిను, సున్నం, పసుపు కూరవద్దు. డిప్పకు రంగు వేయడం, నూనె రాయడం కూడా తగదు. అది చెప్పు తోలు వంటిది కాదు, క్రింద రక్తం ఆడే ఎముక.

ఇక్కడ పశువైద్య సిబ్బందికి ఒక మాట గట్టిగా చెబుతాను. రైతులూ వినండి. మన ఆసుపత్రుల్లోనూ, గొర్రెల కాపరుల సంచుల్లోనూ ఐవర్మెక్టిన్ అనే మందు ఉంటుంది. గొర్రెకు, మేకకు, పశువుకు కడుపులో పురుగులకూ, పిడుదులకూ, గజ్జికీ అది దివ్యంగా పనిచేస్తుంది. తాబేలుకు అది విషం. 1983లో అమెరికాలో తాబేళ్ల మీద పరీక్షించి ఈ సంగతి ప్రకటించారు. మందు పడిన తాబేలు కాళ్లు, మెడ చచ్చుబడి, ఊపిరి ఆగి చనిపోతుంది. గొర్రెకు ఇచ్చే మోతాదులో వందోవంతు ఇస్తే ఏమవుతుందన్న ఆలోచన కూడా వద్దు. తాబేలు ఉన్నచోట ఆ సీసా మూత తెరవరాదు. డిప్ప సందుల్లో పిడుదులుంటే చిమటాతో ఒక్కొక్కటిగా పీకెయ్యండి. కడుపులో పురుగులున్నవని పెంట పరీక్షలో తేలితే ఫెన్‌బెండజోల్ వంటి మందును తూచిన బరువును బట్టి డాక్టరుగారే ఇస్తారు. కొద్దిపాటి పురుగులు ఆరోగ్యమైన తాబేలులోనూ ఉంటాయి, వాటికి మందు అక్కరలేదు.

కళ్లు వాచాయని విటమిన్ ఎ ఇంజెక్షను చేసే అలవాటు కూడా ఉన్నది. మోతాదు మించితే తాబేలు చర్మం పొరలు పొరలుగా ఊడి పుండ్లు పడతాయి. జెంటమైసిన్ వంటివి నీరసించి ఎండిపోయిన తాబేలుకు చేస్తే మూత్రపిండాలు పోతాయి. ముందు ఒంట్లో నీరు పట్టాలి, తరువాతనే సూది. ఆ సూది కూడా ముందు కాళ్ల వైపు వేయడం మంచిదని పెద్దల పద్ధతి. వెనక భాగపు రక్తం మూత్రపిండాల మీదుగా పోతుంది గనుక మందు అక్కడే వడపోతకు పోవచ్చు. తాబేలు వైద్యం ఎరిగినవారు పశువైద్య కళాశాలల్లో, జంతుప్రదర్శనశాలల్లో దొరుకుతారు. ఫోనులో వారినడిగి వైద్యం చెయ్యడంలో చిన్నతనమేమీ లేదు.

చివరగా ఓపిక సంగతి. గేదె మూడు పూటలు తినకపోతే ఇల్లంతా నిద్రపోదు, అది సహజమే. తాబేలు వారాల తరబడి తినకుండా ఉండగలదు, కోలుకోవడానికీ అన్ని వారాలే తీసుకుంటుంది. మందు వేసిన మరునాడు గుణం కనబడలేదని ఇంకొక మందు, ఆ మరునాడు మరొకటి వేస్తే మూడింటి విషమూ ఒకేసారి దాని ఒంట్లో ఉండిపోతుంది. పదిహేను రోజులకు ఒక అడుగు వేస్తే అది దాని లెక్కలో పరుగే.

తాబేలును ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. దాని పెంటలో మనుషులకు విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు. చిన్నపిల్లలను దూరంగా ఉంచండి. నానబెట్టిన పళ్లెం మళ్లీ వంటింట్లోకి తేవద్దు.

ఇక అప్పగించడం. మీ అటవీ రేంజి కార్యాలయానికి గాని, పశువైద్యాధికారికి గాని కబురు చెయ్యండి. తీసుకుపోయేటప్పుడు ప్లాస్టిక్ సంచి, గోనె వద్దు. గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో ఎండుగడ్డి వేసి, తిరగబడకుండా ఉంచండి. లోపల నీళ్లు పెట్టవద్దు, ఒలికి చలి పెడుతుంది. బస్సులో ఇంజను ప్రక్కన గాని, ఎండ పడే కిటికీ దగ్గర గాని పెట్టవద్దు. ఇన్నాళ్లు ఏం పెట్టారో, ఏ మందు ఎప్పుడు వేశారో, బరువు వ్రాసిన కాగితంతో సహా దాపరికం లేకుండా చెప్పండి. ముఖ్యంగా అది మొదట ఏ ఊరి పొలంలో, ఏ గుట్ట దగ్గర దొరికిందో చెప్పండి. ఇంట్లో పట్టిన రోగంతో దానిని వేరే అడవిలో వదిలితే అక్కడి తాబేళ్లకూ ఆ రోగం అంటుతుంది. నయమయ్యాక దానిని ఎక్కడ వదలాలో అధికారులు తేల్చుకోవడానికి మీరు చెప్పిన ఆ గుట్ట పేరే ఆధారం.